పంట వ్యర్థాల నుంచి వస్తువులు: నేల వాటా తీసిన తరువాతనే మిల్లు వాటా

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో పంట ఇంటికి చేరిన తరువాత పొలంలో మిగిలే దానికి స్థిరమైన పేరు లేదు. పశువు ముందు వేస్తే అది మేత. పొయ్యిలో పెడితే వంటచెరకు. గట్టు మీద కుప్ప పోసి నిప్పు పెడితే చెత్త. పదార్థం ఒక్కటే అయినా, దానిని ఎవరు ఏమి చేస్తారన్న దానిని బట్టి పేరు మారుతున్నది. ఇప్పుడు దానికి మరొక కొత్త పేరు చేరింది: ముడిసరుకు. పత్తి కట్టె నుంచి చెక్కకు బదులుగా వాడదగిన బోర్డులు, వరిగడ్డి నుంచి పళ్లెములు, గిన్నెలు, మక్క బెండ్ల నుంచి రసాయనాలు, ఊక బూడిద నుంచి సిలికా తయారు చేయవచ్చునన్న మాట సదస్సులలోను, పెట్టుబడిదారుల సమావేశాలలోను తరచుగా వినవస్తున్నది. 2022 జూలై 1 నుంచి దేశంలో కొన్ని రకాల ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం అమలులోకి వచ్చిన తరువాత ఈ ఉత్సాహం మరింత పెరిగింది.

ఈ ఉత్సాహాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. దేశంలో ఏటా సుమారు 50 కోట్ల టన్నుల పంట అవశేషాలు ఉత్పత్తి అవుతున్నాయని అంచనా. అందులో గణనీయమైన భాగం పొలంలోనే దగ్ధమవుతున్నది. కాని ఈ మూడు జిల్లాల సందర్భంలో చర్చ తలకిందులుగా సాగుతున్నది. ఏ వస్తువు తయారు చేయాలన్న ప్రశ్న ముందు వస్తున్నది, నేల నుంచి ఎంత తీయవచ్చు, దానిని ఎవరు పోగు చేస్తారు, ఆ కట్టె అసలు ఎవరిది అన్న ప్రశ్నలు చివరకు మిగులుతున్నాయి. సాంకేతిక పరిజ్ఞానం కొరత వలన ఆగిపోయిన ప్రయత్నాలు తక్కువ. ఈ చివరి ప్రశ్నలకు జవాబు లేక ఆగేవే ఎక్కువ.

కొత్తది కాని విద్య

మొక్కల పదార్థంతో వస్తువులు చేయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మట్టి గోడకు పూసే బురదలో వరిగడ్డి ముక్కలు, ఊక కలిపి తొక్కించేవారు. గడ్డి పోచలు గోడ పగలకుండా పట్టి ఉంచేవి. ఆధునిక పరిభాషలో చెప్పాలంటే అది నారతో బలపరచిన మిశ్రమ పదార్థమే. కంది కట్టెతో తడకలు అల్లేవారు. గోగునార, జనుపనారతో మోకులు, పగ్గాలు పేనేవారు. వరిగడ్డితో వేసిన పురి ధాన్యపు నిల్వకు గోడగా నిలిచేది.

ఇంకా చెప్పుకోదగిన ఉదాహరణ చేర్యాల. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు వరంగల్ జిల్లాలో ఉండి, నేడు సిద్దిపేట జిల్లాలో చేరిన ఈ ఊరి నకాషీ కళాకారులు రంపపు పొట్టును చింతగింజల గుజ్జుతో కలిపి బొమ్మలు, ముఖాలు తయారు చేస్తారు. కర్మాగారంలో పార్టికల్ బోర్డు తయారయ్యే సూత్రం కూడా ఇదే: చెక్క పొడి, దానిని పట్టి ఉంచే జిగురు, ఒత్తిడి. భేదమంతా జిగురులో ఉన్నది. కర్మాగారాలు ఎక్కువగా యూరియా, ఫార్మాల్డిహైడ్‌లతో చేసిన రెసిన్ వాడుతున్నాయి. అందువలన పత్తి కట్టె బోర్డును పూర్తిగా మొక్కల నుంచి వచ్చిన వస్తువు అని ప్రకటించడం కొంత అతిశయోక్తి. మొక్కల తోలు పేరిట అమ్ముడవుతున్న అనేక సరుకుల పైపూత పాలీయురేథేన్ అన్న సంగతి కూడా ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. వస్తువు మీద ఆకు బొమ్మ ఉన్నంత మాత్రాన అది మట్టిలో కలుస్తుందని చెప్పలేము.

నేల వాటా

దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు చేరుతున్న కొద్దీ, ఒకప్పుడు కరువు ప్రాంతంగా పేరుపడిన జనగామలో వరి విస్తరించింది. యాసంగి వరిని కోత యంత్రం కోసిన తరువాత పొలంలో రెండు రకాల గడ్డి మిగులుతున్నది: యంత్రం వెనుక వరుసగా పడే గడ్డి, నేలలో నిలిచి ఉండే కొయ్యకాళ్లు. మొదటిదానిని కట్టలు కట్టే యంత్రంతో ఎత్తుతున్నారు. రెండవదానికి ఏప్రిల్, మే నెలలలో నిప్పు పెడుతున్నారు. ఆ మంట గట్టు మీది తాటి, ఈత చెట్లను కూడా మాడ్చి గీత కార్మికుల జీవనాధారాన్ని దెబ్బతీస్తున్నది. మంటను అదుపు చేయబోయి వృద్ధ రైతులు ప్రాణాలు కోల్పోయిన సంఘటనలు కూడా తెలంగాణలో ఉన్నాయి.

కాల్చడం వలన కలిగే నష్టం తెలిసినదే. గడ్డిలోని నత్రజని దాదాపు అంతా, భాస్వరంలో సుమారు నాలుగో వంతు, పొటాష్‌లో అయిదో వంతు పోతుంది. ఒక టన్ను గడ్డి కాలితే దాదాపు 1,460 కిలోల కార్బన్ డయాక్సైడ్, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్, 3 కిలోల ధూళి కణాలు గాలిలో కలుస్తాయి. ఇవన్నీ గోడపత్రికల మీద ఉన్నాయి. గోడపత్రికల మీద లేనిది మరొకటి ఉన్నది: గడ్డిని కాల్చకుండా అమ్మినప్పుడు కలిగే నష్టం.

టన్ను వరిగడ్డిలో సుమారు 5 నుంచి 8 కిలోల నత్రజని, ఒక కిలో వరకు భాస్వరం, 15 నుంచి 25 కిలోల పొటాషియం ఉంటాయి. ఎకరానికి రెండు టన్నుల గడ్డి పొలం దాటించారనుకుంటే, 30 నుంచి 50 కిలోల పొటాషియం పొలం దాటినట్లే. ఎరువుల లెక్కలోకి మార్చితే అది 60 నుంచి 100 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్, అంటే ఒకటి నుంచి రెండు బస్తాలు. దేశంలో వాడే పొటాష్ ఎరువు దాదాపు అంతా విదేశాల నుంచి దిగుమతి అవుతున్నదే. గడ్డికట్టల వ్యాపారి చెల్లించే ధరను ఈ బస్తాల ధర పక్కన పెట్టి చూసే అలవాటు రైతుకు లేదు. చూపించవలసిన బాధ్యత విస్తరణ విభాగానిది. కాల్చినప్పుడు పొటాష్‌లో చాలా భాగం బూడిద రూపంలో పొలంలోనే మిగులుతుంది, అమ్మినప్పుడు ఏమీ మిగలదు. పొటాష్ ఒక్కటే కొలమానమైతే అమ్మకం కంటే దహనమే తక్కువ నష్టమన్న వింత ఫలితం వస్తుంది. ఇది కాల్చడాన్ని సమర్థించే వాదన కాదు. అమ్మకం ఉచితంగా వచ్చిన లాభం కాదని చెప్పడానికి మాత్రమే.

జనగామ, మహబూబాబాద్‌లలోని ఎర్ర చల్క నేలలకు ఈ విషయం మరీ ముఖ్యం. ఇవి తేలిక నేలలు. సేంద్రియ కర్బనం చాలాచోట్ల అర శాతం కంటే తక్కువ. తేమను పట్టి ఉంచే శక్తి తక్కువ. ఇటువంటి నేల నుంచి గింజ, గడ్డి, కట్టె మూడూ తీసుకొని వెళ్లి, బదులుగా యూరియా, డీఏపీ మాత్రమే ఇస్తూ పోతే ఏ బోర్డు కర్మాగారం లాభమూ ఆ లోటును పూడ్చలేదు. ఎండుగడ్డిలో కర్బన, నత్రజనుల నిష్పత్తి సుమారు 80:1 కాబట్టి కలియదున్నిన వెంటనే పైరు ఆకులు పసుపు రంగుకు మారుతాయని రైతులు భయపడతారు. ఆ భయం నిరాధారం కాదు. ఎకరానికి 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్ని, కుళ్లడానికి తగినంత వ్యవధి ఇస్తే సమస్య తగ్గుతుందని వ్యవసాయ విశ్వవిద్యాలయం చెబుతూనే ఉన్నది. వ్యవధి దొరకడమే కష్టం.

కాబట్టి క్రమం ఇలా ఉండాలి. కొయ్యకాళ్లు, వేర్లు, ఆకులు నేలకు. యంత్రం వెనుక పడే గడ్డిలో ముందు ఇంటి పశువుకు. ఆ తరువాతనే అమ్మకానికి. ఆ అమ్మకం కూడా ఒకే మడి నుంచి ఏటా జరగకూడదు, ఒక ఏడు తీస్తే మరొక ఏడు వదలాలి. చల్క నేలలో ఎంత వదలాలన్న ప్రశ్నకు కచ్చితమైన అంకె కావాలంటే వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రంలో కనీసం అయిదారేళ్లు ఒకే మడిలో గడ్డి తీసి, తీయక పోల్చే ప్రయోగాలు నడవాలి. రెండేళ్ల ప్రాజెక్టులతో సేంద్రియ కర్బనంలో మార్పు కొలవాలనుకోవడం వృథా ప్రయాస.

పత్తి కట్టె సంగతి వేరు

వరిగడ్డి గురించి ఇంత జాగ్రత్త చెప్పవలసి వచ్చినా, పత్తి కట్టె విషయంలో ఆ క్రమమే వేరుగా ఉంటుంది. హెక్టారుకు రెండు నుంచి మూడు టన్నులు, అంటే ఎకరానికి సుమారు ఒక టన్ను ఎండు కట్టె వస్తుంది. దానిలో నాలుగో వంతుకు పైగా లిగ్నిన్. అది త్వరగా కుళ్లదు. పశువు తినదు. చివరి ఏరివేత తరువాత గొర్రెలు, మేకలు ఆకులు, లేత కాయలు తిని పోతాయి. మంద పెట్టిన చేనికి పెంట కూడా దక్కుతుంది. మిగిలిన మోడు మాత్రం ఎవరికీ పనికిరాక గట్టు చేరుతుంది.

ఆ మోడును చేనిలోనో గట్టు మీదనో నెలల తరబడి ఉంచడం గులాబీ రంగు పురుగును పెంచి పోషించడమే. విచ్చని గుడ్డికాయలలో, ఎండిన కాయలలో లార్వా సుప్తావస్థలో ఉండి, తొలకరి తరువాత వేసిన కొత్త పత్తి మీదికి వస్తుంది. డిసెంబరు, జనవరి కల్లా పంట ముగించి కట్టె తీసివేయమని చెప్పే కారణం ఇదే. అయితే తీసిన కట్టె ఎక్కడికి పోవాలన్న దానికి జవాబు లేకపోవడంతో, ఇంధనంగా వాడే నెపంతో అది ఇంటి వెనుకనే ఉండిపోతున్నది. కట్టెకు మార్కెట్ ఉంటే పురుగు నివారణ దానంతట అదే జరుగుతుంది. పంట వ్యర్థాల వినియోగానికి ఇంత బలమైన సస్యరక్షణ కారణం మరే పంటలోను లేదు.

ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ 1924లో స్థాపితమైనది. పత్తి కట్టెతో పార్టికల్ బోర్డు తయారీ మీద ఆ సంస్థ దశాబ్దాలుగా పని చేసి, నాగపూర్‌లో నమూనా కర్మాగారాన్ని కూడా నడిపింది. కట్టె నార పొడవు, గుణం గట్టి కలప జాతులతో పోల్చదగినవి కాబట్టి బోర్డు నాణ్యత గురించి సందేహం అక్కరలేదు. పద్ధతి తెలిసి ఇంతకాలమైనా వరంగల్ చుట్టుపక్కల పత్తి చేలలో కట్టె కాలుతూనే ఉన్నదంటే, అడ్డంకి ప్రయోగశాలలో లేదు. అడ్డంకి గట్టుకు, మిల్లుకు మధ్య ఉన్నది.

లెక్క వేసి చూడవచ్చు. రోజుకు 20 టన్నుల కట్టె వాడే ఒక మోస్తరు కర్మాగారం ఏడాదికి 300 రోజులు నడిస్తే 6,000 టన్నులు కావాలి, అంటే 6,000 ఎకరాల పత్తి. పత్తి విస్తారంగా పండే మండలాలలో ఇది పెద్ద విస్తీర్ణం కాదు. కాని కట్టె దొరికేది ఏడాదిలో రెండు, మూడు నెలలే. మిగతా నెలల సరుకును చెదలు, వాన, నిప్పు నుంచి కాపాడి నిల్వ చేయాలి. పీకిన కట్టెను అలాగే ట్రాక్టరులో వేస్తే ట్రాలీ నిండుతుంది కాని బరువు నిండదు. గాలిని మోసుకొని పోతున్నందుకు డీజిల్ ఖర్చవుతుంది. పైగా పురుగున్న కాయలతో సహా కట్టెను ఒక మండలం నుంచి మరొక మండలానికి తరలించడం తెగులును బండెక్కించి పంపడమే. ఈ రెండు చిక్కులకు ఒకటే పరిష్కారం: కట్టెను చేను దగ్గరనే ష్రెడ్డర్‌తో ముక్కలు చేయడం. ముక్కలు చేస్తే కాయలలోని పురుగు చాలావరకు నశిస్తుంది, అదే ట్రాలీలో కొన్ని రెట్ల బరువు పడుతుంది. ప్రభుత్వ రాయితీ ఏదైనా ఇవ్వదలిస్తే బోర్డు కర్మాగారానికి కాక ముందు ఈ యంత్రానికి ఇవ్వాలి. కర్మాగారం రాకపోయినా యంత్రం వృథా కాదు. ముక్కలను చేనిలోనే కలపవచ్చు, పుట్టగొడుగుల పెంపకానికి వాడవచ్చు, హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన డ్రమ్ము బట్టీలో బయోచార్‌గా మార్చి తిరిగి చల్క నేలకే ఇవ్వవచ్చు.

ఈ యంత్రం ఎక్కడ ఉండాలి, ఎవరి చేతిలో ఉండాలి అన్నది చిన్న విషయం కాదు. సొంత ట్రాక్టరు ఉన్న పెద్ద రైతు చేతిలో ఉంటే ఆ రైతు చేను పని ముగిసే సరికి మార్చి దాటుతుంది. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం లేదా రైతు ఉత్పత్తిదారుల సంఘం చేతిలో, ఊరి వరుస ప్రకారం తిరిగేటట్లు ఉంటేనే గులాబీ పురుగు నివారణకు ప్రయోజనం. ఒక్క చేను శుభ్రపడి పక్క చేను పడకపోతే పురుగుకు హద్దురాళ్లు అడ్డం కావు.

పోగుపడిన చోట మొదలు పెట్టాలి

హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిజ్ఞానంతో నడిచే బయోగ్యాస్ కేంద్రం గురించి 2021 జనవరిలో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగంలో ప్రస్తావించారు. దాదాపు 10 టన్నుల కుళ్లిన కూరగాయల నుంచి రోజుకు సుమారు 500 యూనిట్ల విద్యుత్తు తీస్తున్నారు. అక్కడి విజయ రహస్యం రియాక్టరులో ఎంత ఉన్నదో, వ్యర్థం అప్పటికే ఒకచోట పోగుపడి ఉండడంలో అంత ఉన్నది. సుమారు వందేళ్ల క్రితం అమెరికాలోని సీడర్ ర్యాపిడ్స్ పట్టణంలో క్వేకర్ ఓట్స్ సంస్థ ఓట్ల పొట్టు నుంచి ఫర్ఫ్యురాల్ అనే రసాయనాన్ని వాణిజ్య స్థాయిలో తీయగలగడానికి కూడా ఇదే కారణం: మిల్లు దగ్గర పొట్టు గుట్టలు ముందే ఉన్నాయి.

ఈ దృష్టితో చూస్తే మూడు జిల్లాలలో పొలం దాకా పోనక్కరలేని వ్యర్థాలు చాలా ఉన్నాయి. మక్కలు ఒలిచే చోట బెండ్లు కుప్పలు పడతాయి. ఫర్ఫ్యురాల్ పరిశ్రమకు నేడు ప్రపంచంలో ముఖ్యమైన ముడిసరుకు అదే. మిరప తొడిమలు తీసే చోట తొడిమలు, జిన్నింగు మిల్లు దగ్గర పత్తి ధూళి, కాయ పెంకులు పోగుపడతాయి. అన్నిటికంటే మించి బియ్యం మిల్లులు. 100 టన్నుల ధాన్యం ఆడిస్తే సుమారు 20 టన్నుల ఊక వస్తుంది. దానిని బాయిలరులో మండిస్తే 4 టన్నుల బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా. 700 డిగ్రీల లోపు అదుపుతో కాల్చితే అది సిమెంటు కాంక్రీటులో కలపదగిన నాణ్యమైన పదార్థం. అదుపు లేకుండా ఎక్కువ వేడిమిలో కాల్చితే స్ఫటిక రూపం పొంది ఊపిరితిత్తులకు హాని చేసే ధూళి. నేడు అది మిల్లుల వెనుక గుట్టలుగా పడి, ఎండాకాలం గాలికి లేచి ఊరి మీద పడుతున్నది. దీనిని వాడుకంటే ఏ రైతు చల్క నేలకూ నష్టం లేదు, ఎవరి పొయ్యికీ కట్టె కరువు కాదు. అయినా పెట్టుబడిదారుల చూపు పొలంలోని గడ్డి మీదనే ఉండడానికి కారణం, అది ఉచితంగా దొరుకుతుందన్న భ్రమ కావచ్చు.

చెల్పూరు నీడ

భూపాలపల్లి జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. గణపురం మండలం చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 1,100 మెగావాట్లు. బొగ్గుతో పాటు కొంత శాతం జీవ ఇంధన గుళికలను మండించాలని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2021 అక్టోబరులో సవరించిన విధానం ద్వారా థర్మల్ కేంద్రాలను ఆదేశించింది. అందులోని సాధారణ పరిమితి 5 శాతం. కేంద్రం 70 శాతం సామర్థ్యంతో నడిచి, యూనిట్‌కు 650 గ్రాముల బొగ్గు వాడుతున్నదనుకుంటే ఏడాదికి స్థూలంగా 44 లక్షల టన్నుల బొగ్గు. అందులో 5 శాతం అంటే 2 లక్షల టన్నులకు పైగా గుళికలు. ఎకరానికి టన్ను చొప్పున అది 2 లక్షల ఎకరాలకు మించిన పత్తి కట్టె. 6,000 ఎకరాలతో సరిపెట్టుకొనే బోర్డు కర్మాగారం ఈ ఆకలి పక్కన నిలబడగలదా?

ఉత్తరాదిన పొగమంచులో కలిసే పొగను తగ్గించడానికి ఈ విధానం కొంత ఉపకరించవచ్చు. 2022 ఆగస్టులో ప్రారంభమైన పానిపట్ ఇథనాల్ కర్మాగారం ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డిని వాడేందుకు రూపొందినది. అక్కడి గోధుమ, వరి మైదానాలలో ఒకే రకమైన గడ్డి కనుచూపు మేర ఒకే వారంలో దొరుకుతుంది. ఇక్కడ కమతాలు చిన్నవి, పంటలు కలగలుపు, నేలలు బీదవి, మధ్యలో అడవి. అదే విధానం యథాతథంగా వర్తింపజేస్తే రెండు పరిణామాలు తప్పవు. ఒకటి, కట్టె ధర కేవలం దాని మంట విలువతోనే నిర్ణయమవుతుంది. నారగా, బోర్డుగా, పుట్టగొడుగుల పడకగా దానికి గల విలువ లెక్కలోకి రాదు. రెండు, గుళికల గుత్తేదారుకు కట్టె చాలనప్పుడు అడవి కట్టె కూడా పంట వ్యర్థమన్న పేరుతో బండెక్కుతుంది. మహాముత్తారం, పలిమెల వంటి అటవీ మండలాలున్న జిల్లాలో ఇది ఊహాగానమని తోసిపుచ్చడం కష్టం. నారను బూడిద చేయడం చివరి వినియోగం కావాలి, మొదటిది కాదు. వాడి పారేసిన బోర్డును కూడా ఒకనాడు మండించవచ్చు, మండించిన కట్టెను బోర్డు చేయలేము.

నార పరిశ్రమ ఒకే కొనుగోలుదారుపై, ఒకే సరుకుపై నిలబడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో ఉండి ఇప్పుడు ములుగులో చేరిన మంగపేట మండలం కమలాపురంలో, వెదురు, యూకలిప్టస్ వంటి కలప నుంచి రేయాన్ గుజ్జు తయారు చేసిన కర్మాగారంలో 2014లో ఉత్పత్తి ఆగిపోయింది. కార్మికుల క్వార్టర్లు, బడి, అంగళ్లు అన్నీ ఆ ఒక్క గుజ్జు మీదనే నిలిచిన ఊరది. పెద్ద కర్మాగారం కోసం ఎదురు చూడడం కంటే, రెండు మూడు మండలాలకు ఒకటి చొప్పున, బోర్డు, బయోచార్, పుట్టగొడుగులు అనే మూడు దారులకూ ముక్కల కట్టెను పంపగల చిన్న కేంద్రాలు మేలన్న అభిప్రాయానికి ఆ ఊరే ఆధారం.

కట్టె ఎవరిది?

పత్తి కట్టె పీకే పని ఎక్కువగా కూలి మహిళలది. అనేక ఊళ్లలో పీకినవారికే కట్టె దక్కుతుంది. కూలిలో అదొక భాగం. గ్యాస్ సిలిండరు ఇంట్లో ఉన్నా, నీళ్లు కాచుకోవడానికి, సిలిండరు నిండుకున్న రోజుల వంటకు ఆ కట్టే ఆధారం. కోత యంత్రాలు వచ్చిన తరువాత పొలాలలో పరిగె ఏరుకొనే ఆనవాయితీ ఎవరూ చర్చించకుండానే అంతరించింది. టన్నుకు ఇంత ధర అన్న మాట వచ్చిన మరుసటి రోజు నుంచి కట్టె కూడా అదే దారి పడుతుంది. కట్టె మీద రాబడి భూమి యజమానికి పోతుంది. పంట పండించిన కౌలు రైతుకు అందులో వాటా ఉన్నదా అన్నది నోటి మాట మీది కౌలు ఒప్పందాలలో ఎక్కడా ఉండదు. కట్టె పీకే కూలి మాత్రం పెరగదు. మహబూబాబాద్ తండాలలో కౌలుకు మిరప, పత్తి వేసే గిరిజన కుటుంబాల విషయంలో ఇది తేలవలసిన ప్రశ్న.

ఇందుకు పరిష్కారం కొనుగోలును అడ్డుకోవడం కాదు. కొనుగోలు కేంద్రం నడిపే సంఘం, కట్టె డబ్బును పట్టాదారు పాసుపుస్తకం చూసి కాక ఆ ఏడు పంట వేసినవారి పేరున చెల్లించాలి. పీకే, పోగు చేసే పనికి ఎకరం లెక్కన విడిగా కూలి కట్టాలి. మహిళా స్వయం సహాయక సంఘాలు ధాన్యం కొనుగోలు కేంద్రాలను సమర్థంగా నడిపిన అనుభవం ఈ రాష్ట్రంలో ఉన్నది. ష్రెడ్డర్‌ను, ముక్కల నిల్వను వారికి అప్పగిస్తే, కట్టె పోగొట్టుకొనేవారే దానిపై రాబడి పొందేవారవుతారు. ముక్కలలో కొంత భాగాన్ని ఓస్టర్ పుట్టగొడుగుల పెంపకానికి వారే వాడుకోవచ్చు. పంట తీసిన పడక వర్మికంపోస్టుగా తిరిగి చేనికి చేరుతుంది.

ఇక తూకం. పత్తి అమ్మకంలో తేమ పేరిట జరిగే వాదన రైతుకు కొత్త కాదు. భారత పత్తి సంస్థ 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇచ్చి, 12 శాతం దాటితే కొనుగోలు నిరాకరిస్తుంది. కట్టె విషయంలో ఈ తేడా మరీ ఎక్కువ. అప్పుడే పీకిన కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉండవచ్చు. పచ్చి బరువుకు ధర చెప్పి ఎండు బరువుకు చెల్లిస్తే మొదటి ఏడాదితోనే నమ్మకం పోతుంది, రెండవ ఏడాది కట్టె మళ్లీ గట్టు మీద కాలుతుంది. ఎన్ని రోజులు ఎండిన కట్టెలో ఎంత తేమ ఉంటుందో, ఎంత తేమకు టన్నుకు ఎంత ధర తగ్గుతుందో చూపే పట్టికను విశ్వవిద్యాలయం ఈ మూడు జిల్లాల కట్టె మీదనే కొలిచి తయారు చేయాలి. కొనుగోలు మొదలయ్యే జనవరికి ముందే అది ప్రతి కేంద్రం గోడ మీద, తేమ కొలిచే యంత్రం పక్కన, రైతు చదవగలిగే అక్షరాలలో ఉండాలి.